బాత్ నగరపు జంట ఇండ్లు

ఇంగ్లండు దేశపు పడమటి భాగమున ఏవన్ నది ఒడ్డున బాత్ అను నగరము కలదు. నేలనుండి వేడినీరు ఉబుకు ఊటలు అచ్చట ఉండుటచేత రోమనులు దాదాపు రెండువేల ఏండ్ల క్రిందటనే స్నానశాలలు కట్టుకొనిరి. ఆంగ్లమున బాత్ అనగా స్నానమే. ఆ ఊటలను గూర్చి చదువగోరువారికి పుస్తకములకు కొదువలేదు. నేను వ్రాయబోవునది అదే ఊరిలోని రెండు రాతి ఇండ్లను గూర్చి. మన పత్రికను కూర్చు విద్యార్థులు, "సారూ, మీరు ఇంగ్లండు నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. మా పత్రికకు ఏమీ రాయరా?" అని అడుగుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మాయి బ్రిస్టలు నగరమున ఉద్యోగము చేయుచున్నది. ఆమెయొద్ద మూడు నెలలు ఉంటిని. బ్రిస్టలునుండి బాత్ రైలులో పావుగంట దూరము. మొదటి పర్యాయము అమ్మాయి వెంటబెట్టుకొని పోయెను. పిమ్మట నేనొక్కడనే ఏడెనిమిది మారులు పోయితిని. పోయినప్పుడెల్ల ఆ రెండిండ్ల యెదుట నిలుచుండి చూచుచుంటిని. "ఎంతసేపు నాన్నా, ఆ గోడలో ఏముందని?" అని అమ్మాయి నవ్వెడిది. ఆమెకు అప్పుడు సరిగా చెప్పలేదు. ఇచ్చట చెప్పుదును.

ఆ ఇండ్లు రాయల్ క్రెసెంట్ అను వరుసలో ఒకటవదియు రెండవదియు. క్రెసెంట్ అనగా నెలవంక. ఒక గుట్ట వాలుమీద, విశాలమైన పచ్చికబయలునకు ఎదురుగా, ముప్పది ఇండ్లు నెలవంకవలె వంగి నిలిచియున్నవి. వరుస పొడవు సుమారు 500 అడుగులు. 1767లో పునాది వేసిరి. ఏడెనిమిది ఏండ్లలో పని ముగిసినది. శిల్పి పేరు జాన్ ఉడ్. తండ్రిదియు అదే పేరు, అదే వృత్తి. అందుచే పెద్ద ఉడ్ అనియు, చిన్న ఉడ్ అనియు చెప్పుకొందురు. ఇది చిన్న ఉడ్ పని. అన్నిటికంటె ముందు లేచినది ఒకటవ ఇల్లే.

1714 మొదలు 1830 వరకు ఇంగ్లండును ఒకరి తరువాత ఒకరుగా నలుగురు రాజులు పాలించిరి. నలుగురి పేరును జార్జియే. కావున ఆ కాలపు ఇండ్లకు జార్జియన్ ఇండ్లని పేరు వచ్చినది. రాజులకు వానితో గల సంబంధము అంతమాత్రమే. 16వ శతాబ్దిలో ఇటలీ దేశమున పల్లాడియో అను శిల్పి పురాతన రోమను గుడులను కొలిచి, ఆ కొలతలనుబట్టి ఇండ్లు కట్టెను. రెండువందల ఏండ్లకు ఇంగ్లండువారు ఆ పద్ధతిని తమదిగా చేసికొనిరి. అందు అలంకారము కంటె లెక్కకే ప్రాధాన్యము. కుడియెడమలు సరితూగవలెను. కిటికీమీద కిటికీ నిట్టనిలువుగా రావలెను. మొదటి అంతస్తున అతిథులను కూర్చుండబెట్టు గొప్ప గదులుండును కనుక అచ్చటి కిటికీలు అన్నిటికంటె పొడుగు, రమారమి వెడల్పునకు రెండింతలు. పైకి పోయినకొలది కురచయై చివరకు చదరమగును. ముప్పది ఏండ్లు లెక్కలు చెప్పినవాడను. బోర్డుమీద గీచి చూపగలిగిన గోడ కనబడినపుడు నా సంతోషము దాచుకొనలేకపోతిని.

ఇక ఈ వరుస ముఖము సంగతి. క్రింది అంతస్తు కేవలము నున్నని గోడ. దానిపైనుండి రెండంతస్తుల ఎత్తున స్తంభములు లేచును. తలవద్ద గొర్రెపొట్టేలు కొమ్మువలె చుట్టుకొనిన అయోనిక్ జాతి స్తంభములు. మొత్తము 114. వానిపై అంచుపట్టె, దానిపై రాతి పిట్టగోడ, దాని వెనుక దాగిన అటకగదులు. పనిమనుషులు పరుండునది ఆ అటకలలో. వంటయిల్లు నేలకు దిగువన. నడుమనున్న సొగసు అంతయు పైనున్నవారును క్రిందనున్నవారును మోసినదే యని మాత్రము స్తంభములు చెప్పవు.

బయలులో నిలుచుండి చూచువానికి ఒకటవ ఇల్లు ఎచ్చట ముగిసి రెండవది ఎచ్చట మొదలగునో ఇంచుమించు తెలియదు. స్తంభముల నడక తెగదు, అంచుపట్టె తెగదు. తలుపులు లెక్కపెట్టవలెను, లేనిచో కప్పుమీదికి చూడవలెను. పొగగొట్టముల గుంపులు ఎచ్చట లేచినవో దాని క్రింద రెండిండ్ల ఉమ్మడి గోడ ఉన్నదన్నమాట. ఆ గోడ నేలమాళిగనుండి కప్పువరకు ఒకటే. ఇటువైపు పొయ్యి ఈ ఇంటివారిది, అటువైపు పొయ్యి ఆ ఇంటివారిది. పొగ పోవు దారులు ఆ గోడలోనే ప్రక్కప్రక్కన పైకి పోవును.

ముందు చూచి తృప్తిపడి మరలిపోవువారే ఎక్కువ. నేను వెనుక వీధికిని పోయితిని. అచ్చట వేరే లోకము. ఒక ఇంటి వెనుకగోడ ముందుకు వచ్చినది. ఒకటి లోనికి పోయినది. ఒక కప్పు ఎత్తు, ఒకటి పల్లము. కిటికీలు ఎవరికి తోచినచోట వారు పెట్టుకొనిరి. కారణమిది. ఉడ్ గీచినది ముందరి ముఖము మాత్రమే. కొనువాడు ఆ ముఖములో ఇంత పొడవని కొని, వెనుక తన మేస్త్రీచేత తనకు వలసినట్లు ఇల్లు కట్టించుకొనెను. ముఖమును మార్చుటకు మాత్రము వీలులేదు. వెలుపల వీధివారందరితో ఒకే వరుస. లోపల ఎవరి వంటిల్లు వారిది. మూడు భాషల ఊరిలో పుట్టి పెరిగిన మనకు ఈ ఏర్పాటు వివరించి చెప్పనక్కరలేదు.

ముఖమును మార్చరాదన్న మాటపై 1970 తరువాతి ఏండ్లలో ఒక వివాదము వచ్చినది. 22వ ఇంటి యజమానురాలు తన వీధితలుపునకు పసుపురంగు వేయించెను. తలుపులన్నియు తెల్లగా ఉండవలెనని నగరపాలకులు పట్టుబట్టిరి. ఆమె వినలేదు. విచారణ జరిగి ఆమెయే గెలిచెను. నేను పోయినపుడు దూరమునుండియే ఆ తలుపు కనబడెను. వరుస చెడినదని నాకు తోచలేదు; పసుపు పూసిన గడపలు చూచి పెరిగిన కన్ను నాది, నా మాటకు అచ్చట విలువ ఉండకపోవచ్చును.

మా పూర్వులు రాతిపనివారు. తెలుగుసీమనుండి ఎన్నడో ఈ హోసూరు ప్రాంతమునకు వచ్చి బండలు చీల్చి, బావులు కట్టి, గుడులకు గడపలు చెక్కి బ్రతికిరి. మా నాయనయు ఉలి పట్టినవాడే. మా ఇంట బలపము పట్టినవారిలో నేనే మొదటివాడను. రాయి కనబడినచో చేయి ఆనించి చూచుట నాకు చిన్ననాటి అలవాటు. ఒకటవ ఇంటి గోడపై అరచేయి ఆనించినపుడు, ఇది రాయియేనా యని అనుమానము కలిగినది. మన బండ చేతికి చల్లగా, మొండిగా తగులును. ఆ గోడ బెల్లపు అచ్చు రంగున ఉండి, ఎండకు వెచ్చగా, మెత్తగా తగిలినది. గోటితో గీచిన గీతపడునేమో అనిపించినది. గీచి చూడలేదు, కాపలావారుండిరి.

అది సున్నపురాయి జాతి. సుమారు 16, 17 కోట్ల ఏండ్ల క్రిందట ఆ ప్రాంతమంతయు లోతులేని వెచ్చని సముద్రము. అడుగున దొర్లు ఇసుకరేణువులకును గవ్వముక్కలకును సున్నము పొరపొరగా పట్టి, సగ్గుబియ్యపు గింజలవంటి పూసలైనవి. ఆ పూసలు ఒకదానికొకటి అతుకుకొని రాయి అయినవి. భూతద్దముతో చూచినచో నేటికిని ఆ గింజలు కనబడును. మన కృష్ణగిరి బండ వయస్సు దాదాపు 250 కోట్ల ఏండ్లు. దానిముందు బాత్ రాయి పసిబిడ్డ.

గనినుండి తీసినపుడు ఆ రాతిలో తడి ఉండును. తడి ఆరకముందు కొయ్యను కోసినట్లు పెద్ద రంపముతో కోయవచ్చును. ఏ దిక్కునకైనను కోతకు లొంగును. గాలి సోకినకొలది పైపొర గట్టిపడును. అయితే ఒక నియమము కలదు. భూమిలో ఏ వైపు పైకి, ఏ వైపు క్రిందికి ఉండెనో, గోడలో కూడ రాతిని అట్లే పరుండబెట్టవలెను. నిలువుగా నిలిపినచో వానకును మంచునకును కొన్ని ఏండ్లలో పొరలు ఊడి రాలిపోవును. మరియొక సంగతి. పైకి కనబడు నున్నని రాయి గోడ మందమంతయు కాదు. అది కొన్ని అంగుళముల తొడుగు. వెనుకనున్నది ముక్కరాయి, సున్నము. ఆ తొడుగును వెనుక గోడతో పట్టియుంచుటకు అచ్చటచ్చట పొడుగురాళ్ళు లోనికి దిగవేయుదురు. పనివాని నేర్పు ఆ కనబడని రాళ్ళలో ఉన్నది.

మా నాయన పని వేరు. బండమీద ఉలితో వరుసగా చిన్న గుంటలు తొలిచి, వానిలో ఇనుప చీలలు దిగవేసి, ఈ చివరనుండి ఆ చివరకు సమ్మెటతో కొట్టుచు పోయెడివాడు. మొదటి వరుసకు ఏమియు కాదు. రెండవ వరుసకును కాదు. మూడవ మారో నాలుగవ మారో మోత మారును. "బండ పలికింది రా, జరుగు" అనెడివాడు. నేను జరిగిన వెంటనే ఏనుగంత బండ గీత గీచినట్లు రెండుగా విచ్చుకొనెడిది. అట్టి బండపై అయోనిక్ కొమ్ములు చెక్కుమనిన మా నాయన నవ్వియుండును. ఏ రాతికి ఆ పని.

బాత్ గనులు ఊరికి ఎగువన కూం డౌన్ గుట్టమీద ఉండెను. తపాలా రవాణాను చక్కబెట్టి ధనికుడైన రాల్ఫ్ అలెన్ వానిని కొని, 1731 ప్రాంతమున గుట్టమీదినుండి నదివరకు కొయ్యపట్టాలు పరిపించి, బండ్లలో రాయి దింపించెను. ఆవిరి రైలుబండి పుట్టుటకు డెబ్బది ఏండ్ల ముందటి మాట ఇది. లండను నగరమున గ్రీనిచ్ ఆసుపత్రి కట్టడమునకు తన రాతిని అమ్మజూడగా, మెత్తని రాయి యని అచ్చటివారు త్రోసిపుచ్చిరి. దాని సత్తా చూపుటకై అలెన్ తన గనుల చెంతనే ఆ రాతితో ప్రయర్ పార్క్ అను పెద్ద మేడ కట్టించెను. దానికి శిల్పి పెద్ద ఉడ్. అలెన్ పేరు నిలిచినది, ఉడ్ పేరు నిలిచినది. రంపము లాగినవారి పేర్లు ఏ గోడమీదను నేను చూడలేదు.

క్రెసెంటునుండి కొద్ది అడుగులు నడచినచో సర్కస్ అను గుండ్రని కూడలి వచ్చును. చుట్టును 33 ఇండ్లు. 1754లో మొదలుపెట్టిన పెద్ద ఉడ్ ఆ సంవత్సరమే మరణింపగా, కుమారుడు 1768లో పూర్తిచేసెను. అచ్చట 14వ ఇంటి గోడమీది పేరు చదివి నిలిచిపోతిని. రాబర్టు క్లైవు! మన ఎనిమిదవ తరగతి చరిత్ర పాఠములోని క్లైవే. 1744లో మదరాసు సెంట్ జార్జి కోటకు గుమాస్తాగా వచ్చినవాడు. ఆ కోటలోని సెంట్ మేరీ దేవాలయమున 1753లో పెండ్లాడినవాడు. పిమ్మట బెంగాలునుండి అంతులేని ధనము తీసికొనిపోయి బాత్ నగరమున ఈ ఇల్లు కొనుక్కొన్నాడు. ఆ ఊరి సొగసునకు అయిన వ్యయములో మన దేశపు సొమ్మును, వెస్టిండీసు దీవులలో బానిసలు చెమటోడ్చిన చెరకుతోటల సొమ్మును కొంత కలదు. ఇది చెప్పకుండ స్తంభములను మాత్రము పొగడుట నాకు న్యాయముగా తోచదు.

క్లైవు కుమారుడు ఎడ్వర్డు మదరాసునకు గవర్నరైన కాలమున, 1802లో, అచ్చట విందుల మందిరమొకటి కట్టించెను. ఇప్పుడు దానిని రాజాజీ హాలు అందురు. చెన్నపట్టణమునకు పోయినపుడు పిల్లలు తప్పక చూడవలెను. అందును రోమను స్తంభములే. అయితే అవి రాయి కావు. ఇటుక కట్టి, గుల్లసున్నము పూసి, అద్దమువలె మెరుగుపెట్టినవి. బాత్ నగరమున రాతిని చెక్కి స్తంభము చేసిరి. మదరాసున ఇటుకను స్తంభము చేసి రాయి యనిపించిరి. రెండవదియే కష్టమని నా అభిప్రాయము.

మరల మన జంట ఇండ్లయొద్దకు వత్తము. 1942 ఏప్రిలు చివర రెండు రాత్రులు జర్మను విమానములు బాత్ నగరముపై బాంబులు వేసినవి. నాలుగువందలమందికి పైగా మరణించిరి. క్రెసెంటుమీద నిప్పుబాంబులు పడి, రెండవ ఇల్లును పదునేడవ ఇల్లును లోపల పూర్తిగా కాలిపోయినవి. కొయ్య అంతస్తులు, మెట్లు, కప్పు అన్నియు బూడిద. ఒకటవ ఇల్లు నిలిచినది. రెండిటికి నడుమనున్నది ఆ ఉమ్మడి గోడయే. ఒక ప్రక్క నిప్పు, మరియొక ప్రక్క ఇల్లు, నడుమ రాయి. రెండవ ఇంటిని యుద్ధము ముగిసిన పిమ్మట మరల కట్టిరి. నేడు ముందునుండి చూచిన ఏది కాలినదో, ఏది నిలిచినదో చెప్పలేము. నేను ఆ పచ్చికమీద నిలుచుండి చూచుచుండినది ఈ గోడ ఉన్న తావునే. అది బయటికి కనబడదు. దాని తల, అనగా పొగగొట్టముల గుంపు, మాత్రము కనబడును.

ఒకటవ ఇంటి కథ అంతటితో ముగియలేదు. ఆ ఇంటి ప్రక్కనే దాని పనివారి భాగము, వంటకును తక్కిన చాకిరికిని కట్టినది, ఒకటి కలదు. మొదట రెండును ఒకే ఇల్లు. 20వ శతాబ్దమున యజమానులు మారగా నడుమ దారులు మూసి వానిని రెండిండ్లు చేసిరి. 1967లో ఒక దాత ఒకటవ ఇంటిని కొని, పాత కట్టడములను కాపాడు సంఘమునకు ఇచ్చెను. వారు దానిని పూర్వరూపమునకు తెచ్చి 1970లో ప్రదర్శనశాలగా తెరచిరి. 19వ శతాబ్దివారు వెలుతురు కొరకు క్రిందికి దించిన మొదటి అంతస్తు కిటికీలను మరల పాత ఎత్తునకు కట్టిరి. తక్కిన ఇండ్లలో దించిన కిటికీలు చాలవరకు అట్లే యున్నవి. ప్రక్కప్రక్కన చూచినచో తేడా తెలియును. పనివారి భాగము మాత్రము చిరకాలము వేరుగానే ఉండిపోయినది. చివరకు దానిని కూడ సంపాదించి 2013లో రెండు భాగములను మరల కలిపిరి. నేడు గొప్ప గదులనుండి వంటయింటికి ఇంటిలోనుండియే నడచిపోవచ్చును. ఆ దారిన నడచుచున్నపుడు నా కాళ్ళు కొంచెము తడబడినవి. ఎందుకో చెప్పుదును.

మా తాత 1930 తరువాతి ఏండ్లలో హోసూరునకు సమీపమున తన ఇద్దరు కుమారులకు రెండు రాతి ఇండ్లు జతగా కట్టెను. పెద్దది మా పెదనాయనకు, రెండవది మా నాయనకు. కప్పు బండపలకలది. నడుమ గోడ ఒకటే, రెండడుగుల మందము. ఆ గోడకు ఒక చిన్న ద్వారము ఉండెడిది. పండుగనాడు వంట ఒక ఇంట, వడ్డన మరియొక ఇంట. నేను అయిదవ తరగతి చదువుచున్నపుడు బావినీటి వంతులవద్ద అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చినది. ఒక ఆదివారము నేను నిద్రలేచునప్పటికి ద్వారము స్థానమున రాళ్ళు పేర్చియున్నవి. ఎవరు పేర్చినారో ఏ ఇంటివారును ఎన్నడును చెప్పలేదు. రెండువైపుల పూత పూసిరి. పెదనాయనయు, నాయనయు ఆ గోడకు చెరియొక ప్రక్క ముసలివారై పోయిరి.

ఇప్పుడు పెద్ద ఇల్లు మా అన్నది, అనగా పెదనాయన కుమారునిది. ఆయన బెంగుళూరున స్థిరపడెను. దానిని అమ్మదలచితినని నేను ఇంగ్లండున ఉన్నప్పుడే కబురు పంపెను. కొనువారు ఇల్లు పడగొట్టి మేడ కట్టుదురట. ఉమ్మడి గోడలో తమ సగము తమకు కావలెనందురట. కాగితముమీద రెండడుగుల గోడను అడుగు చొప్పున పంచుట సుళువు. గోడ ఒప్పుకొనదు. మా తాత ప్రతి వరుసలోను రెండు ముఖములను కలుపు పొడుగురాళ్ళను అడ్డముగా వేసెను. ఈ ముఖమున కనబడు రాతి తల ఇటు, తోక అటు. సగము కోసినచో మిగిలిన సగము నిలువదు, మీద పలకల కప్పు ఉన్నది.

బాత్ నగరముననైనను గొప్ప ఇండ్లకు దొరకిన ఆదరణ చిన్న ఇండ్లకు దొరకలేదు. యుద్ధము తరువాత ఇరువది ముప్పది ఏండ్లపాటు, క్రెసెంటును సర్కసును భద్రముగా ఉంచుకొని, చేతిపనివారి చిన్న జార్జియన్ ఇండ్లను వీధులు వీధులుగా పడగొట్టిరి. ఆడం ఫెర్గసన్ అను రచయిత 1973లో ఆ విధ్వంసమును గూర్చి ఒక పుస్తకము ప్రకటించిన తరువాతనే జనులు గట్టిగా మేలుకొనిరి. 1987లో నగరమంతయు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. అప్పటికి పోయినవి పోయినవే. మన ఊరిలో పరిశ్రమలు వచ్చిన పిమ్మట బండపలకల ఇండ్లు ఎన్ని పోయినవో తల్లిదండ్రులకు తెలియును. వానిని నిలుపుమని నేను ఎవరిని అడుగగలను? ఎండకాలమున చల్లనివైనను వానకాలమున కారును; పిల్లలకు గదులు చాలవు; అమ్మినచో చదువులకు పెండ్లిండ్లకు డబ్బు వచ్చును. మా అన్నను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు.

నేను చేసినది ఒక్కటే. తొమ్మిదవ తరగతి పిల్లలను అయిదుగురిని పిలిచి, టేపు, ఓలంబము, దారము ఇచ్చి రెండిండ్లను కొలువుమంటిని. మూడు ఆదివారములు పట్టినది. గోడ మందము, పలకల పొడవు, గడపల ఎత్తు అన్నియు వ్రాసిరి. మూసిన ద్వారముకడ పూత గీకి చూడగా పైన అడ్డరాయి చెక్కుచెదరక ఉన్నది. అనగా బరువంతయు ఇప్పటికిని ఆ అడ్డరాయియే మోయుచున్నది. క్రింద పేర్చిన రాళ్ళు దేనిని మోయుట లేదు. సున్నము కూడ లేక వట్టి మట్టితో పేర్చినవి. పేర్చినవాడు పనివాడే. తీయవలసినచో ఎట్లు తీయవలెనో తెలిసి పేర్చినాడు.

పటము గీయునపుడు ఒక బాలిక, "సారూ, ఇక్కడ గోడ గీయాలా, తలుపు గీయాలా?" అని అడిగెను. మూసిన ద్వారమును చుక్కలగీతతో చూపుట పద్ధతి యని చెప్పితిని. అట్లే గీచినది. ఆ పటమునకు ఒక నకలు తీయించి, పొడుగురాళ్ళు ఎచ్చటెచ్చట ఉన్నవో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, మా అన్నకు పంపితిని. ఉత్తరము పెద్దగా వ్రాయలేదు. గోడను కోయక ఇరువురకును ఉమ్మడిగా ఉంచునట్లు పత్రమున వ్రాయింపుమని మాత్రము కోరితిని.

పదునైదు దినములకు జవాబు వచ్చినది. గోడ సంగతి కొనువారితో మాటలాడుదునని మొదటి వాక్యము. రెండవ వాక్యము, ఆ ద్వారపు తలుపురెక్క తమ ఇంటి అటకమీద నేటికిని ఉన్నదని; పెదనాయన దానిని వేపచెక్క వంటచెరకునకు కూడ ఇయ్యనీయలేదని. మూడవది, పటములో ఆ చుక్కలగీత వెడల్పు సరిగా కనబడుట లేదు, ఎంతయో వ్రాసి పంపుమని.

రెండడుగుల పది అంగుళములని ఆ సాయంకాలమే వ్రాసి పంపితిని.